పత్తెం రొట్టె

హనుమమ్మ తన బతుకులో రెండుసార్లు పథ్యం పట్టింది. మొదటిసారి మూడు రోజులు. రెండోసారి చచ్చేదాకా.

మోత్కూరుకు నాలుగు కోసుల దూరంలో గుండ్లగూడెం ఆమె ఊరు. ఎటు చూసినా బండరాళ్ల గుండ్లు, గుండ్ల నడుమ ఎర్ర చెలకలు, చెలకల్లో జొన్న, ఆముదం. ఊళ్లో ఇద్దరు హనుమమ్మలు ఉండటంతో ఒకామెను సన్న హనుమమ్మ అనీ, ఈమెను దొడ్డు హనుమమ్మ అనీ పిలిచేవాళ్లు. ఆమె ఏమీ నొచ్చుకునేది కాదు. మొగుడు జ్వరంతో పోయి పదేళ్లయింది. ఎనిమిదెకరాల చెలక, కుంట కింద అరెకరం వరి, ఒక్కగానొక్క కొడుకు మైసయ్య. వాడిది ఎడమ చేతివాటం. కొడవలి పట్టినా, తాడు ముడేసినా అన్నీ ఎడమ చేత్తోనే. ఊళ్లో కొడవళ్లన్నీ కుడిచేతి వాళ్లకు చేసినవే కాబట్టి, వాడికోసం కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని ప్రత్యేకంగా ఒకటి చేయించింది.

ఆమెకు తిండి అంటే ప్రాణం. వేడి అన్నంలో నెయ్యి, పక్కన బెల్లం ముక్క, మీదికి గడ్డపెరుగు. "కష్టం జేస్తున్న, తింటున్న. ఎవలింట్ల దొంగతనం జేస్తున్ననా?" అనేది. ఎవరు గడప తొక్కినా తినకుండా పోనిచ్చేది కాదు. ఆమె ఇంటికి తొందర పనిమీద వచ్చినవాడికి ఆ రోజు పని అయ్యేది కాదు.

నలభై ఐదు దాటాక మోకాళ్లు మొరాయించాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. గడప దాటి బజారుకు వస్తే రొప్పు. మైసయ్య బండి కట్టి మోత్కూరులో హకీం దగ్గరికి తీసుకుపోయాడు. హకీం ముసలాయన, చెయ్యి పట్టి నాడి చూశాడు, నాలుక చూశాడు, ఆమె బండి దిగిన తీరు అంతకుముందే చూశాడు.

"అమ్మా, నా దగ్గర దవా ఉన్నది గని నీకు పనిచెయ్యది. నీకు కావల్సింది పర్హేజు" అన్నాడు.

"పర్హేజంటే ఏంది సాబ్?"

"పత్తెం. తెల్లబువ్వ బంద్ జెయ్యి, జొన్నరొట్టె తిను. రొట్టె పిండిల మెంతిపిండి కలుపు, చేదైతది, అయినా తిను. బెల్లం ముట్టకు. కంచంల పెట్టుకున్నదాంట్ల సగం తిను, సగం తీసిపెట్టు. బుక్క నోట్ల ఏసుకుంటే ముప్పైసార్లు నములు. దీపం పెట్టినంక ఏం తినకు. పొద్దున లేచి రెండు మైళ్లు నడువు."

హనుమమ్మకు అన్నింటికంటే ఒకటే అర్థం కాలేదు. "సగం తీసి ఎవలికి పెట్టాలె సాబ్?"

"ఎవలికన్న పెట్టు. నీ కడుపుల పడొద్దు, గంతే."

మొదటి పథ్యం అప్పుడు పట్టింది. మూడు రోజులు చేదు రొట్టె ముప్పైసార్లు నమిలి, దవడలు నొప్పి పుట్టి, ఊరందరి మీదా కస్సుమంది. నాలుగోనాడు పక్కింట్లో గోపమ్మ సర్వపిండి పెట్టింది. నువ్వులు, పల్లీలు మాడీ మాడని ఆ వాసన గోడ దాటి వచ్చింది. హనుమమ్మ లేచి వెళ్లి గోపమ్మ పొయ్యి ముందు కూర్చుంది.

"పత్తెం ఏమాయె వదినె?" అంది గోపమ్మ.

"సచ్చింది. గిన్నె ఇటు జరుపు."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. గోపమ్మకు పిల్లల్లేరు. మొగుడు గాలయ్య అవిటికాలుతో ఇంట్లోనే కూర్చుని తాళ్లు పేనుతాడు. మైసయ్యను చంకన వేసుకుని పెంచింది సగం హనుమమ్మ అయితే సగం గోపమ్మే. వాడు చిన్నప్పుడు ఏడిస్తే ముందు వినబడేది ఆమెకే.

ఆ తర్వాత రజాకార్లు వచ్చారు. పక్క ఊరు కాల్చారు, ఈ ఊళ్లో ఇద్దరిని చంపారు. మైసయ్య సంఘంలో కలిసి తుపాకి పట్టి దళంలోకి పోయాడు. ఊళ్లో అడిగినవాళ్లకు హనుమమ్మ "షోలాపూర్ మిల్లుల పనికి పోయిండు" అని చెప్పింది. అప్పట్లో పోయినవాళ్లంతా షోలాపూరో బొంబాయో పోయినవాళ్లే కాబట్టి ఎవరూ గుచ్చి అడగలేదు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ మిల్ట్రీ వచ్చింది, నిజాం దిగిపోయాడు. ఊళ్లో బెల్లం పంచారు. కొడుకు ఇక ఇంటికొస్తాడని హనుమమ్మ నెయ్యి కాచి పెట్టింది. నెయ్యి పాతబడింది, కొడుకు రాలేదు. సంఘానికి భయపడి పారిపోయిన దొర మాత్రం కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని గడికి తిరిగొచ్చాడు. వెనకే గడిలో మిల్ట్రీ క్యాంపు దిగింది. ఈసారి వేట రజాకార్ల కోసం కాదు, రజాకార్లతో కొట్లాడినవాళ్ల కోసం. న్యాయం గురించి మాట్లాడేవాళ్లు ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుంటారు.

దళాలను తుపాకులతో పట్టలేక ఆకలితో పట్టాలనుకున్నారు. ఇళ్లల్లోని గింజలన్నీ ఊడ్చి గడి గాదెల్లో పోశారు. ఇంట్లో ఎన్ని నోళ్లుంటే అన్ని నోళ్లకే వారానికి ఒకసారి కొలిచి ఇస్తారు. ఊరు దాటి సద్ది మూట పోకూడదు. చెలకలో పనిచేసేవాళ్లు కూడా ఇంటికొచ్చి తిని పోవాల్సిందే. పొలిమేర దగ్గర జవాను నిలబడి గంపలూ మూటలూ విప్పి చూసేవాడు.

నలభై తొమ్మిది ఎండాకాలంలో ఒక పొద్దున హనుమమ్మ కంది కట్టె ఏరుకోవడానికి గుట్ట మీది ఏనుగు గుండు దాకా పోయింది. గుండు చాటునుంచి ఎవరో "అమ్మా" అన్నారు. మైసయ్యను పోల్చుకోవడానికి కన్నతల్లికి కొంతసేపు పట్టింది. దవడ ఎముకలు బయటికొచ్చాయి, కళ్లు లోపలికి పోయాయి.

"నాలుగు దినాలాయె అమ్మా, మెతుకు దొరికి" అన్నాడు. రాత్రిళ్లు ఈ గుండు దగ్గరే తలదాచుకుంటున్నానన్నాడు. వాడు అంతకంటే ఏమీ అడగలేదు. వెళ్లేముందు మాత్రం, "దళంల నా పేరు బీరన్న. మైసయ్య అన్న మాట నోట్లకెళ్లి రానియ్యకు. ఎవలన్న బీరన్న గురించి మాట్లాడితే నీకేం తెల్వనట్టుండు" అని చెప్పాడు.

దారిన పోయేవాణ్ణి కూడా తినకుండా పోనివ్వని మనిషి, ఆరోజు కన్నకొడుకుని ఉత్త చేతులతో పంపింది. ఇంటికొచ్చి గాబు దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, ఉట్టి మీద మూడేళ్లుగా దుమ్ముపట్టిన చిన్న మట్టి గురిగిని దించింది. అందులో హకీం ఇప్పించిన మెంతులున్నాయి.

రెండో పథ్యం ఆరోజు మొదలైంది.

ఒక్క నోటికి కొలిచిన జొన్నలు. వాటితో రోజుకు నాలుగు రొట్టెలు అవుతాయి. రెండు తిని రెండు తీసిపెట్టింది. తెల్లారగానే ఆ రెండు రొట్టెలను పలచటి గుడ్డలో చుట్టి, పొట్టకు ఆనించి, పైన చీర బిగించి కట్టింది. మొదటి రోజు తొందరలో వేడివేడి రొట్టెలు కట్టింది. పొట్ట మీద తోలు బొబ్బలెక్కింది. పొలిమేర దాటేదాకా మూలగలేదు.

జవాను అడ్డం నిలబడ్డాడు. "కిధర్ జాతీ?"

"హకీం సాబ్ నడువుమన్నడు. గుట్ట దాక నడిచి ఒస్త. పత్తెం. పర్హేజ్, పర్హేజ్!" అని మోకాళ్లు చూపించి, ఖాళీ చేతులు చూపించింది.

ఆ శరీరాన్ని చూసి జవాను నవ్వాడు. ఈమెకు నడక కావాల్సిందే అనుకుని దారి వదిలాడు. అంత లావు మనిషి పొట్టకు రెండు రొట్టెలు ఎక్కువున్నాయని ఎవరు కనిపెడతారు?

ఏనుగు గుండు కింద నెర్రెలో రొట్టెలు పెట్టి, నిన్నటి ఖాళీ గుడ్డ తీసుకుని రావాలి. ఆ గుడ్డ మూలకు మైసయ్య చిన్న ముడి వేసి పెట్టేవాడు. ముడి ఉంటే తిన్నాడని, బతికున్నాడని. హనుమమ్మ దినమంతా ఆ ముడి కోసమే బతికేది.

పథ్యం అన్నాక పథ్యమే. ఊరి కళ్ల ముందు ఏ లోటూ రాకూడదు. రొట్టెలో మెంతిపిండి కలిపింది. దీపం పెట్టాక ముట్టలేదు. రెండు రొట్టెలతో కడుపు నిండాలంటే ముప్పైసార్లు నమలక తప్పలేదు. ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియదు గానీ, హకీం చెప్పిందంతా నిజమైంది. రెండు నెలలకు మోకాళ్ల నొప్పి తగ్గింది. నాలుగు నెలలకు రొప్పు పోయింది. నీళ్ల బిందె చంకన పెట్టుకుని బావి నుంచి ఆగకుండా వచ్చింది. కొడుకు ఎండిపోతుంటే తన ఒళ్లు బాగుపడటం చూసి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసేది.

ఊరి ఆడవాళ్లు చుట్టూ చేరారు. వాళ్లలో ముందున్నది గోపమ్మే. ఆమెకూ ఈమధ్య ఆయాసం. "నాకు గూడ జెప్పు వదినె నీ పత్తెం" అని వెంటపడింది. చెప్పనంటే అనుమానం. చెప్పింది. గోపమ్మ మెంతిరొట్టె నోట్లో పెట్టుకుని ముఖమంతా ముడుచుకుని, "గిది తినుడు కన్న దొడ్డుగనే సచ్చుడు నయం" అంది. అయినా మానలేదు.

ఒకరోజు ఇద్దరూ పేడ పిడకలు చేస్తుండగా గోపమ్మ నవ్వుతూ అంది: "ఏం నడకనే నీది! పొయ్యేటప్పుడు దొడ్డుగ పోతవ్, వొచ్చేటప్పుడు సన్నగ వొస్తవ్. ఒక్కపొద్దుల గింత తగ్గుతరా?"

హనుమమ్మ చేతిలోని పేడముద్ద జారింది. గోపమ్మ ఆమె ముఖం చూసింది. నవ్వు ఆగిపోయింది. ఇంకేమీ అడగలేదు. మరునాడు తెల్లవారుజామున గోడమీదినుంచి ఒక రొట్టె అందించి, "పత్తెంల ఉన్న గద, నాకు ఎక్కువైంది. నడకకు తీసుకపో" అంది. ఆరోజు నుంచి మూట మూడు రొట్టెలైంది. తిరిగొచ్చాక హనుమమ్మ ఆ గుడ్డను గోపమ్మ ఒళ్లో పడేసేది. గోపమ్మ ముడిని వేళ్లతో తడిమి చూసి తిరిగి ఇచ్చేది. వాళ్లిద్దరి మధ్య ఆ సంగతి మీద అంతకుమించి మాట లేదు.

కార్తీకంలో హనుమమ్మకు జ్వరం తగిలింది. రొట్టెలు తట్టే ఓపిక లేక, మెంతిపిండి గురిగిని గోపమ్మకు ఇచ్చి, "నాయి గూడ నువ్వే కొట్టు రెండు దినాలు" అంది. మూతి విరిగిన గురిగి. ఊళ్లో అందరికీ తెలిసిందే. గోపమ్మ కొట్టిన రొట్టెలనే జ్వరంలోనూ నడుముకు కట్టుకుని పోయి పెట్టి వచ్చింది.

ఆ మధ్యాహ్నం క్యాంపువాళ్లు గుట్టను చుట్టుముట్టారు. మనుషులు దొరకలేదు, తప్పించుకున్నారు. నెర్రెలో రొట్టెలు దొరికాయి. వాటిని తెచ్చి చావడి ముందు గోనె మీద పరిచి, ఊరందరినీ పిలిపించారు. పట్వారి వంగి ఒక రొట్టె తుంచి వాసన చూశాడు. పై ఊరివాడికి అది ఉత్త జొన్నరొట్టె. పట్వారి ఈ నేల తిండి తిని పెరిగినవాడు.

"మెంతిపిండి కలిసింది. గిది పత్తెం రొట్టె" అన్నాడు.

పథ్యం అంటే ఊరంతా చూసేది ఆమె వైపే. జవాన్లు ముందు ఆమె ఇంట్లోకే పోయారు. కుండలు బోర్లించారు, ఉట్టి తెంపారు. మెంతి గింజ కూడా దొరకలేదు. పొలిమేర జవాను, "ఈ ముసలమ్మ రోజూ ఉత్త చేతులతోనే పోతుంది, నేను చూస్తున్నా" అని తన భాషలో సాక్ష్యం చెప్పాడు. తర్వాత గోపమ్మ ఇంట్లోకి పోయారు. బయటికి వచ్చినవాడి చేతిలో మూతి విరిగిన గురిగి ఉంది.

తన గురిగి. పదడుగుల దూరంలో ఉంది. "అది నాది" అని రెండు మాటలు అంటే చాలు. అంటే కొడుకు ఎక్కడున్నాడో చెప్పేదాకా వదలరు. పొట్ట మీది బొబ్బలకు ఓర్చుకున్న మనిషి, గోళ్లు పీకితే ఓర్చుకోగలదో లేదో ఆమెకే తెలియదు. కొడుకు ఇంకా ఆ గుట్టల్లోనే ఎక్కడో పరుగెత్తుతున్నాడు. నోరు తెరిచింది, మాట రాలేదు. నిజం చెప్పాలంటే రానివ్వలేదు.

గురిగిని గుర్తుపట్టినవాళ్లు ఆ గుంపులో ఇంకా ఉన్నారు. వాళ్లూ తలలు దించుకున్నారు. గోపమ్మ హనుమమ్మ వైపు ఒక్కసారి చూసి, ముందుకు వచ్చింది.

"గురిగి నాది. రొట్టె నేనే కొట్టిన. గుట్టకు కట్టెలకు పొయ్యి అక్కడ పెట్టి మరిచిన" అంది.

రొట్టె ఆమె కొట్టిందన్న మాట మాత్రం నిజం. తీసుకుపోయారు. గాలయ్య కుంటుకుంటూ గడి గేటు దాకా వెంట పోయాడు.

మూడు రోజులు. గుట్ట మీద నీవాడు ఎవడని అడిగారు. నాకు పిల్లలే లేరంది. అది కూడా నిజమే. నాలుగోనాడు మంచంమీద మోసుకొచ్చి వాకిట్లో దించిపోయారు. ముందు పళ్లు లేవు. రెండు చేతుల వేళ్లూ చితికిపోయి గుడ్డపీలికల్లో చుట్టి ఉన్నాయి. రొట్టె కొట్టినానన్నావు కదా అని, ఆ చేతుల మీదే తుపాకి మడమలతో కొట్టారట.

హనుమమ్మ ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. గోపమ్మే అంది: "పిలగాడు పైలమేనా?"

"పైలమే, తప్పించుకున్నడు" అంది హనుమమ్మ.

ఆ సాయంత్రమే బజారులో డప్పు చాటింపు వినబడింది. మూసీ అవతల వాగు దాటుతుంటే బీరన్న అనే దళపోడిని కాల్చేశారని, ఇక ఎవరూ భయపడనక్కర లేదని. ఎవరా బీరన్న అని ఊళ్లో ఒకరినొకరు అడుగుకున్నారు. ఎవరికీ తెలియదు. హనుమమ్మ గోపమ్మకు పసుపునీళ్లతో చేతులు కడుగుతోంది. ఆమె చేయి ఆగలేదు. ఆగితే గోపమ్మకు తెలుస్తుంది. ఏ ప్రాణం కోసం ఈ చేతులు పోయాయో ఆ ప్రాణం లేదని ఆ మనిషికి ఏ నోటితో చెప్పాలి? కడగడం అయ్యాక చెంబెడు నీళ్లు తెచ్చే వంకతో పెరట్లోకి పోయి, చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పటినుంచి రెండిళ్లకూ హనుమమ్మే వండింది, తాను మాత్రం సరిగా తినేది కాదు. గోపమ్మకు తానే రొట్టె నానబెట్టి, మెత్తగా చేసి, బుక్క బుక్క నోట్లో పెట్టేది. సగం రొట్టె కాగానే గోపమ్మ ముఖం పక్కకు తిప్పుకునేది.

"ఇంగ చాలు. నేను గూడ పత్తెంల ఉన్న గద. గీ సగం పిలగానికి తీసుకపో."

"తిను వదినె. నీకు బలం గావాలె."

"తీసుకపో అంటున్న గద."

హనుమమ్మ ఆ సగం రొట్టెను నడుముకు కట్టుకుని, జవాను ముందునుంచి నడిచి, ఏనుగు గుండు దాకా పోయేది. మొదటి రోజు అలవాటుగా నెర్రెలో పెట్టి వచ్చింది. మరునాడు పోయి చూస్తే రొట్టెకు చీమలు పట్టాయి. గోపమ్మ నోటి కాడిది చీమల పాలు కావడం చూడలేకపోయింది. గుండు చాటున కూర్చుని ఆ రోజు తెచ్చిన సగం తానే తింది. గొంతు దిగలేదు. హకీం చెప్పినట్టు ముప్పైసార్లు నమిలింది, యాభైసార్లు నమిలింది. తిన్నాక గుడ్డ దులిపి, మూలకు తానే ముడి వేసి, తెచ్చి గోపమ్మ ఒళ్లో పెట్టింది. గోపమ్మ వేళ్లు పనిచేయవు కాబట్టి ముడిని పెదవులతో తడిమి చూసింది.

"తిన్నడు" అంది హనుమమ్మ.

"తిననీ" అంది గోపమ్మ.

ఇలా ఉగాది దాకా నడిచింది. రోజూ అదే సగం, అదే నడక, అదే ముడి. క్యాంపులో ఏదో లోపలి దెబ్బ తగిలినట్టుంది, గోపమ్మ నెత్తురు కక్కడం మొదలుపెట్టింది. చివరి రోజు ఆమెకు నీళ్లు కూడా దిగలేదు. రొట్టె చూపిస్తే తల అడ్డంగా ఊపి, "ఇయ్యాల మొత్తం తీసుకపో" అంది. హనుమమ్మ మొత్తం రొట్టె తీసుకుపోయింది, మొత్తం తింది, ముడి వేసింది, ఇంటికొచ్చింది. వాకిట్లో గాలయ్య తలమీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ముడి చూపించడానికి మనిషి లేదు. గుడ్డను చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. గాలయ్య ఆ గుడ్డను తీసుకుని ముడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. నలభై ఏళ్లుగా తాళ్లు పేనిన చేతులవి.

"గిది కుడిచేతి ముడి అక్కా. మైసడు ఏసేది ఎడమకు పడ్తది" అన్నాడు నెమ్మదిగా. "మొదటి దినమే గోపమ్మ చెప్పింది నాకు. పిలగాడు లేడు, వదినె నాకు జెప్పలేక తనే ముడేస్తుంది అన్నది."

హనుమమ్మ ముడి వైపు చూసింది. కొడుకు కోసం కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని ఎడమచేతి కొడవలి చేయించిన తల్లికి, ఐదు నెలలు ఆ సంగతి తట్టలేదు.

"మరి దినాం సగం ఎందుకిచ్చింది?" అంది.

"ఇంట్ల పెడితె నువ్వు తింటలేవని. కొడుకు పేరు జెప్పి గుట్ట మీదికి పంపితె, పారబొయ్యలేక నువ్వే తింటవన్నది."

ఆ తర్వాత హనుమమ్మ ముప్పై నాలుగేళ్లు బతికింది. మనిషి చివరిదాకా సన్నగానే ఉంది, మోకాళ్లు ఒక్కనాడూ నొప్పి పెట్టలేదు. ఊరికొచ్చిన డాక్టరు ఒకాయన ఆశ్చర్యపోయి ఏం తింటావమ్మా అని అడిగాడు. సగం రొట్టె అని చెప్పింది. గాలయ్య పోయేదాకా తక్కిన సగం అతనికి పెట్టింది. అతను పోయాక ఎవరు కనబడితే వాళ్లకు పెట్టింది.